తాడు మీద గుర్తు చేతికి తగలాలి

ప్ర: నేనూ మా బావమరిదీ కిందటేడు నుంచి చెన్నై హార్బర్‌లో సెయిలింగ్ నేర్చుకుంటున్నాం. ఈమధ్యే ఇద్దరం కలిసి ఏడు మీటర్ల పాత పడవ ఒకటి తీసుకున్నాం. గాలి పెరిగినప్పుడు మెయిన్ తెరచాపను రీఫ్ చేయాలంటే మాకు చుక్కలు కనిపిస్తున్నాయి. హాల్యార్డ్ ఎంత వదలాలో అంచనా దొరకదు. ఒకసారి ఎక్కువ వదిలేస్తాం, ఇంకోసారి తక్కువ, మధ్యలో ఒకరి మీద ఒకరం అరుచుకుంటాం. మార్కర్ పెన్నుతో గీతలు పెడితే రెండు నెలల్లో మాయమయ్యాయి. ఎండకీ ఉప్పుకీ పోని గుర్తు ఏదైనా ఉందా సార్?
– వేళచ్చేరి పాఠకుడు

జ: ఉందండి. దబ్బనం, దారం. అంతకన్నా గట్టిది నాకింతవరకూ దొరకలేదు, చాలానే ప్రయత్నించి చెప్తున్నా.

సెయిలింగ్ తెలియని పాఠకులు కూడా ఈ శీర్షిక చదువుతారు కాబట్టి ముందు రెండు ముక్కలు. గాలి పెరిగినప్పుడు తెరచాపను కొంత కిందికి దించి, అడుగున వదులైన బట్టను బూమ్ (తెరచాప అడుగంచు ఉండే అడ్డకర్ర) దగ్గర మడిచి కట్టేయడమే రీఫ్ చేయడం అంటే, మనం లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టుకున్నట్టు. తెరచాపను పైకి లాగే తాడు హాల్యార్డ్. 12 నాట్ల గాలి 17 నాట్లు అయితే పెరిగింది అయిదే కదా అనుకుంటాం, కానీ తెరచాప మీద పడే బలం గాలి వేగానికి వర్గంలో పెరుగుతుంది. 12 వర్గం 144, 17 వర్గం 289, అంటే పడవ మీద బలం రెట్టింపయిందన్నమాట. ఎండాకాలం పొద్దున్నే అద్దంలా పడుకున్న మన సముద్రం మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక ఎలా లేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ లేచే టైములో పడవ ఒక పక్కకి ఒరిగి ఉంటే, చేతిలో తాడు పట్టుకుని "ఇంకా దించాలా, చాలా?" అని అడుక్కోవడమే మీ సమస్య.

మార్కర్ ఎందుకు పోతుందంటే, మన పడవల తాళ్ళ పై అల్లిక ఎక్కువగా పాలిస్టర్. పాలిస్టర్‌కి రంగు ఊరికే పట్టదు, మిల్లుల్లో బాగా వేడి చేస్తే గానీ లోపలికి దిగదు. మనం పెన్నుతో గీసింది పైపైన కూర్చుంటుంది. తాడు జారకుండా పళ్ళతో పట్టి ఉంచే క్లచ్ దాన్ని అరగదీస్తుంది, మిగిలింది ఎండ తినేస్తుంది. కొందరు బట్టల రంగు పూస్తారు, పెయింట్ కూడా పూస్తారు. పెయింట్ వేసినచోట తాడు కర్రలా బిగుసుకుపోయి కప్పీలో సరిగ్గా తిరగదు.

ఇక ఎలక్ట్రికల్ టేప్. దాని సంగతి నా సొంత అనుభవం కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా. ఆరేళ్ళ కిందట, మే నెల, హార్బర్ దాటి బయటికి వెళ్ళాం, నేనూ నా స్నేహితుడూ. మొదటి రీఫ్ దగ్గర ఎర్ర టేప్ నేనే చుట్టా, చుట్టినప్పుడు మహా గర్వంగా ఉండేది. గాలి లేచింది. అతను మాస్టు (తెరచాప స్తంభం) దగ్గర తెరచాప రింగు తగిలించే కొక్కెం పట్టుకుని నిలబడ్డాడు, నేను కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపేవాళ్ళు కూర్చునే చోట, టేప్ కనిపించేదాకా హాల్యార్డ్ వదిలా. వదిలి, కట్టేసి, "అయింది, తగిలించు" అన్నా. పైనుంచి "ఎక్కడయిందిరా, ఇంకా మూరెడు పైనే ఉంది" అని కేక. నేను నమ్మలేదు. టేప్ క్లచ్ దగ్గరే ఉంది కదా! తీరా చూస్తే ఎండకి టేపు జిగురు కరిగి, తాడు క్లచ్‌లోంచి పోయిన ప్రతిసారీ కాస్త కాస్త జరిగి, అసలు చోటు నుంచి మూరెడు అవతల కూర్చుంది. చేతి తొడుగులకి నల్లటి జిగురు. ఈలోగా తెరచాప సగం దిగి ఫటఫటా కొట్టుకుంటోంది, బూమ్ ఒకసారి నా మోచేతిని పలకరించింది. వారం రోజులు ఎడమచేత్తో కాఫీ తాగాను. ఇంటికొచ్చాక టేప్ చుట్ట చెత్తబుట్టలో వేశాను.

వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ గొట్టాలు కూడా అడుగుతారు కాబట్టి అదీ తేల్చేద్దాం. చూడ్డానికి నీటుగా ఉంటుంది, కానీ క్లచ్ పళ్ళకి నాలుగు ట్రిప్పుల్లో చీలుతుంది, లేదా మొత్తం గొట్టమే తాడు మీద జారుతుంది. పైగా మీ తాడు డైనీమా అనే గట్టి సింథటిక్ పీచుది అయితే అది 145 డిగ్రీల దగ్గర్లోనే కరిగిపోతుంది, వేడిగాలి గన్ను పెట్టి దాన్ని మీ చేతులారా పాడుచేసుకున్నట్టే. పాలిస్టర్ 250 దాటేదాకా ఓర్చుకుంటుంది గానీ, అయినా ఎందుకా రిస్కు.

సరే, దారం. గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకోండి, మరీ లావుది వద్దు. మైనం పట్టించిన పాలిస్టర్ దారం, తాడు రంగుకి కొట్టొచ్చినట్టు కనిపించే రంగుది, ఒక బారెడు చాలు. గుర్తు పెట్టాల్సిన చోట దబ్బనాన్ని తాడు మధ్యలోంచి అటు నుంచి ఇటు పోనివ్వండి, పై అల్లికే కాదు, లోపలి తాడుని కూడా పట్టుకుని రావాలి, అది ముఖ్యం. దారం కొసని తాడు వెంబడి పడుకోబెట్టి, దాని మీదుగా చుట్టు పక్కన చుట్టు గట్టిగా లాగుతూ చుట్టండి. వెడల్పు తాడు మందానికి ఒకటిన్నర రెట్లు, అంటే 10 మిల్లీమీటర్ల తాడుకి ఒకటిన్నర సెంటీమీటర్లు. చుట్టడం అయ్యాక దబ్బనాన్ని మళ్ళీ తాడులోంచి దూర్చి, చుట్ల మీదుగా ఏటవాలుగా ఒక కుట్టు, అవతలివైపు ఇంకో కుట్టు, అలా మూడు కుట్లు. చివర్న ముడి వేయొద్దు. రెండుసార్లు తాడులోంచి అటూ ఇటూ పోనిచ్చి, బిగించి, మొదలంటా కత్తిరించేయండి. ముడి ఉంటే కప్పీలో తట్టుకుంటుంది, ముడి లేని కుట్టు తాడులో కలిసిపోతుంది. దబ్బనం దిగకపోతే బొటనవేలితో పొడుచుకోకండి, పాత చెప్పు తోలుముక్క అరచేతిలో పెట్టుకుని నెట్టండి, ఇవతలివైపు పటకారుతో లాగండి. మొదటిది అరగంట పడుతుంది, అయిదోది పది నిమిషాలు.

మొదటి రీఫ్‌కి ఒక పట్టీ, రెండో రీఫ్‌కి పక్కపక్కనే రెండు పట్టీలు. వేలితో తడిమితే ఒకటా రెండా తెలిసిపోవాలి. గుర్తు కంటికే కాదు, చేతికి కూడా తగలాలి, ఎందుకంటే అవసరమైనప్పుడు మీ కళ్ళు తెరచాప మీదో అల మీదో ఉంటాయి, తాడు మీద ఉండవు.

ఇప్పుడు అసలు సంగతి, ఎక్కడ కుట్టాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. తీరిగ్గా ఒడ్డున రీఫ్ చేసి, తెరచాప బిగించి, అంతా అందంగా సర్దాక క్లచ్ దగ్గర గుర్తు పెడతారు. అది బిగించాక వచ్చే చోటు. మీకు కావలసింది దించేటప్పుడు ఎక్కడ ఆపాలి అన్నది. తెరచాప ముందంచులోని రింగుని కొక్కేనికి తగిలించాలంటే కాస్త వదులుండాలి, తగిలించాక మళ్ళీ పైకి బిగిస్తాం. ఈ రెండు చోట్లకీ మధ్య జానెడు తేడా వస్తుంది, పడవని బట్టి ఇంకాస్త ఎక్కువ కూడా. బిగించిన చోట గుర్తు పెట్టుకున్నవాడు సముద్రంలో దాకా వెళ్ళి "తగలడం లేదు" అంటాడు. కాబట్టి గాలిలేని పొద్దుటిపూట, జెట్టీ దగ్గరే కట్టేసి, తెరచాప పూర్తిగా ఎత్తండి. ఆ చోట బట్టలారేసే క్లిప్పు ఒకటి తాడుకి పెట్టండి. తర్వాత మెల్లిగా దించుతూ, మీ బావమరిది కొక్కేనికి రింగు ఏ తంటా లేకుండా తగిలించగలిగిన చోట ఇంకో క్లిప్పు. రెండో రీఫ్‌కీ అలాగే. క్లిప్పులతో రెండుసార్లు బయటికి వెళ్ళొచ్చి, చోటు సరైందని నమ్మకం కుదిరాకే కుట్టండి.

బూమ్ చివర్నుంచి వచ్చే రీఫ్ తాడుకి కూడా ఒక గుర్తు పెట్టండి, తెరచాప వెనక మూల బూమ్‌కి పూర్తిగా ఆనినప్పుడు తాళ్ళు బిగించే విన్చ్ దగ్గర తాడు ఎక్కడుంటుందో అక్కడ. చీకట్లో అది బూమ్‌కి చేరిందా లేదా అని టార్చిలైటు వేసి చూసే బాధ తప్పుతుంది.

అరుచుకోవడం గురించి నేనేమీ చెప్పలేను. బావాబావమరుదుల మధ్య అది మామూలే.

ప్ర: ఈ దారం, దబ్బనం చెన్నైలో ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో విదేశీ దారం చిన్న ఉండకి చెప్పే ధర చూసి కళ్ళు తిరిగాయి. ఇంట్లో ఉన్న నైలాన్ దారం వాడితే ఏమవుతుంది?
– మాధవరం పాఠకుడు

జ: విదేశీ దారం అక్కర్లేదు. కాశిమేడు చేపల రేవు చుట్టుపక్కల వలలూ వల దారాలూ అమ్మే షాపుల్లో అడగండి, పాలిస్టర్ అని గట్టిగా చెప్పి అడగండి, లేకపోతే నైలాన్ చేతిలో పెడతారు. తోలు సంచులు కుట్టేవాళ్ళు వాడే మైనం దారం కూడా బాగుంటుంది, జార్జ్ టౌన్ సందుల్లో దొరుకుతుంది. లేదూ, మీ వీధి చివర చెప్పులు కుట్టే ఆయన్ని అడిగితే బారెడు ఆయనే ఇస్తాడు, మంచి దబ్బనం ఏదో కూడా చెప్తాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం కదా, ఆ రోజుల్లో కాశిమేడు వెళ్తే గట్టు మీద వలలు బాగుచేసేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళ పక్కన ఒక గంట కూర్చోండి. తడి తాడు మీద దారం ఎలా బిగించాలో నేను వాళ్ళని చూసే నేర్చుకున్నా. వాళ్ళలో మన తెలుగు మాట్లాడేవాళ్ళూ తగులుతారు, "ఏం సార్, మీకెందుకీ పని" అని నవ్వుతారు గానీ చూపిస్తారు.

నైలాన్ దారం తడిస్తే సాగుతుంది, ఎండకి పాలిస్టర్ కన్నా తొందరగా చివుకుతుంది. మన ఊరి ఎండకి అది వద్దు. నూలు దారం అసలు వద్దు, నాని కుళ్ళుతుంది. మైనం లేని దారమే దొరికితే తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగండి. కొవ్వొత్తి మైనం పెళుసు, కుట్టేలోపే రాలిపోతుంది. దబ్బనాన్ని పడవ డబ్బాలో ఊరికే పడేస్తే నెలకి తుప్పు. కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టండి.

ప్ర: మా వారికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. పడవ మీద మొదటి రీఫ్‌కి ఎరుపు, రెండో రీఫ్‌కి ఆకుపచ్చ పెట్టారు, పెట్టింది మా అబ్బాయి. ఆయన నామోషీకి చెప్పలేదు, నాకు టెన్షన్‌గా ఉంది. రంగులు మార్చమంటే సరిపోతుందా?
– అన్నానగర్ పాఠకురాలు

జ: రంగులు మార్చినా లాభం లేదమ్మా, రంగు మీద ఆధారపడడమే మానేయాలి. రాత్రిపూట అందరికీ ఎరుపూ ఆకుపచ్చా ఒకటే, చీకట్లో టార్చి ఎర్రలైటు వేస్తే ఎర్ర దారం కూడా తెల్ల తాడులో కలిసిపోతుంది. మీవారి ఇబ్బంది మిగతావాళ్ళకి సూర్యుడు దిగాక మొదలవుతుంది, అంతే తేడా. పైన చెప్పినట్టు ఒకటికి ఒక పట్టీ, రెండుకి రెండు పట్టీలు కుట్టించండి. రంగు ఏదైనా ఫరవాలేదు, తెల్ల తాడుకి ముదురు నీలమో నలుపో పెట్టండి, అవి ఆయనకీ కనిపిస్తాయి.

ఇది కొత్త ఉపాయమేం కాదు. పాతకాలం ఓడల్లో నీటి లోతు చూడ్డానికి సీసపు గుండు కట్టిన తాడు వదిలేవారు. లోతు కొలత ఫాథమ్, ఆరడుగులు, అంటే మన బార. ఆ తాడు మీద గుర్తుల పద్ధతి చూడండి: రెండు బారల దగ్గర రెండు తోలు పీలికలు, మూడు బారల దగ్గర మూడు పీలికలు, అయిదు దగ్గర తెల్ల గుడ్డ, ఏడు దగ్గర ఎర్ర గుడ్డ, పది దగ్గర చిల్లు పెట్టిన తోలు ముక్క, పదమూడు దగ్గర నీలం గుడ్డ, ఇరవై దగ్గర రెండు ముళ్ళు. పగలు రంగు చూస్తారు. రాత్రి వేళ్ళతో తడిమి తోలా, గుడ్డా, గుడ్డ అయితే నునుపా గరుకా అని పట్టుకుంటారు. తెల్లదీ ఎర్రదీ నీలందీ మూడూ వేరు వేరు నేత గుడ్డలు పెట్టేవారు, అందుకోసమే. మీవారికి ఈ సంగతి చెప్పండి, నామోషీ కాస్త తగ్గుతుంది. మీ అబ్బాయిని మాత్రం కోప్పడకండి, దారంతో కుట్టాడంటే సగం పని సరిగ్గానే చేశాడు.

ప్ర: మీ పద్ధతిలోనే కుట్టా. మూడు నెలలకే క్లచ్ పళ్ళ కింద దారం తెగి పీచులు లేచాయి.
– తిరువాన్మియూర్ పాఠకుడు

జ: గుర్తుని సరిగ్గా పళ్ళ కింద పడేట్టు కుట్టి ఉంటారు. బరువంతా దారం మీద పడితే ఏ దారమూ ఆగదు, పైగా పట్టు కూడా జారుతుంది. గుర్తు క్లచ్ దాటి కాక్‌పిట్ వైపు బెత్తెడు ఇవతలికి వచ్చేట్టు కుట్టండి, తాడు వదిలేటప్పుడు అది క్లచ్ మూతిని తాకబోతుండగా ఆపండి. అక్కడ డెక్ మీద ఒక చిన్న గీత చెక్కుకున్నా మంచిదే. మీ క్లచ్ మరీ ఇరుకైతే చుట్టు పట్టీ మానేసి, తాడు పొడవునా నిలువు కుట్లు వేయండి, నాలుగు వైపులా నాలుగు వరసలు. అంత కొట్టొచ్చినట్టు కనిపించదు కానీ అరగదు, వేలికి గరుగ్గా తెలుస్తుంది.

ప్ర: గుర్తులు మొదట్లో కచ్చితంగా ఉండేవి. ఇప్పుడు మొదటి రీఫ్ దగ్గర ఆపితే తెరచాప ఇంకా పైనే ఉంటోంది. దారం అసలు కదలలేదు. మరి తప్పెక్కడ?
– పెరంబూరు పాఠకుడు

జ: దారం కదల్లేదు, తాడే సాగింది. కొత్త తాడు బరువు పడేకొద్దీ కొంత పొడవు పెరుగుతుంది. అప్పుడు పాత గుర్తు దగ్గర ఆపినా తెరచాప తల... ఆగండి, ఇది కాస్త తిరకాసు. గుర్తు నుంచి తెరచాప తలదాకా ఉన్న తాడు సాగితే తెరచాప ఇంకా కిందికి ఉండాలి, పైకి కాదు. మీకు పైకి ఉంటోందంటే ఇంకేదో కారణం. నేను రెండు పందేలు కాస్తా. ఒకటి, గుర్తు పై అల్లికకి మాత్రమే కుట్టి ఉంటారు. లోపలి తాడు మీద పై అల్లిక చొక్కా చెయ్యిలా జరుగుతుంది, క్లచ్ దాన్ని రోజూ ఒకే వైపు నెడుతుంది. గుర్తు దగ్గర తాడు పిసికి చూడండి, లోపల గుల్లగానో ముడతగానో తగిలితే అదే. రెండు, ఈమధ్య హాల్యార్డ్ చివర అరిగిందని కొంత కత్తిరించి మళ్ళీ కట్టారా? కత్తిరించినంత మేరా గుర్తులన్నీ తప్పుతాయి. ఇది చేసి మర్చిపోయేవాళ్ళు చాలామంది, అడిగితే "అవునవును, సంక్రాంతికి కదా" అంటారు.

కొత్త తాడుకి మాత్రం తొందరపడి కుట్టకండి. క్లిప్పులతోనే ఏడెనిమిది ట్రిప్పులు తిరగనివ్వండి.

ప్ర: మా పాప డింగీ, అంటే చిన్న తెరచాప పడవ, నడపడం నేర్చుకుంటోంది. దాని తాళ్ళకీ ఇవన్నీ కుట్టాలా? అసలు పాప పడవ తెరచాపకి రీఫ్ ఎక్కడుందో కూడా నాకు కనిపించలేదు.
– రాయపురం పాఠకుడు

జ: అక్కర్లేదండి. పిల్లల ఆప్టిమిస్ట్ పడవకి రీఫ్ తాళ్ళ గొడవ ఉండదు, గాలి ఎక్కువైతే కోచ్ ఒడ్డుకి రమ్మంటారు. మీరు కుట్టు పని వృథా కాకూడదనుకుంటే పాప పేరు లైఫ్‌జాకెట్ మీద కుట్టండి, క్లబ్బులో అవే ఎక్కువ తారుమారవుతాయి.

ప్ర: ముందు తెరచాప చుట్టుకునే ఫర్లర్ తాడుకి కూడా గుర్తులు పెట్టొచ్చా? లంగరు తాడుకి?
– నీలాంగరై పాఠకుడు

జ: రెండిటికీ పెట్టొచ్చు. ఫర్లర్ తాడుకి సగం చుట్టినప్పుడు ఒకటి, మూడొంతులు చుట్టినప్పుడు రెండు. ఇక్కడ తాడు సన్నం, డ్రమ్ములోకి పోయేది కాబట్టి నిలువు కుట్లే మేలు, చుట్టు పట్టీలు ఒకదానిమీద ఒకటి పడి డ్రమ్ములో ఇరుక్కుంటాయి.

లంగరు తాడుకి ప్రతి అయిదు మీటర్లకీ ఒకటి. నీటి లోతుకి, డెక్ ఎత్తు కూడా కలుపుకుని, అచ్చం తాడే అయితే ఏడు రెట్లు వదలాలన్నది పడవవాళ్ళ లెక్క, గొలుసు అయితే అయిదు. నీళ్ళు అయిదు మీటర్లు, డెక్ ఒక మీటరు ఎత్తుంటే 42 మీటర్లు. గుర్తుల్లేకుండా అంత తాడు అంచనాగా వదలడం నావల్ల కాదు. ప్లాస్టిక్ జిప్ టైలు పెట్టేవాళ్ళున్నారు, కత్తిరించిన కొసలు అరచెయ్యి చీరేస్తాయి, ఎండకి విరిగి ఒక్కొక్కటే రాలిపోతాయి. లెక్కలో మధ్యది రాలిందంటే గుర్తులు అసలు లేకపోవడమే నయం.

ప్ర: హాల్యార్డ్ ఒక చివర అరిగిపోతే తలకిందులు చేసి రెండో చివర వాడుకోమన్నాడు మా పడవ పనులు చూసే టిండల్. గుర్తులు పాడైపోవా?
– ఎగ్మూర్ పాఠకుడు

జ: ఆయన చెప్పింది మంచి మాట, తాడు ఇంకో రెండు మూడేళ్ళు వస్తుంది. పాత గుర్తులన్నీ చోటు తప్పుతాయి, కొత్తవి కుట్టుకోవాలి, అంతే. కాకపోతే పాతవి విప్పాకే తిప్పండి. నేను బద్ధకించి విప్పకుండా తిప్పేశా. రీఫ్ చేద్దామని తాడు వదులుతుంటే క్లచ్ దగ్గరికి ముందు రెండు పట్టీలు వచ్చాయి, ఆ తర్వాత ఒకటి వచ్చింది, ఆ తర్వాత మళ్ళీ ఒకటి. మాస్టు దగ్గర మళ్ళీ అదే స్నేహితుడు.